అర్ధరాత్రి సాధనకు బోల్టుల మృదంగం: కోనసీమ తేమలో పనికొస్తుందా?

వార్ల మృదంగాన్ని అర్ధరాత్రి శ్రుతి చేయాలంటే రాయీ పుల్లా పట్టుకుని టకటకలాడించాలి. ఇంటిల్లిపాదీ లేస్తారు. పానాతో బిగించే ఈ పనస కట్టె మృదంగంతో ఆ గోల లేదు. నిద్రపట్టని రాత్రుల మీద తని (కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే భాగం) కూర్చుకునేవాళ్లకు ఇదే పెద్ద సుఖం.

ఆషాఢ శ్రావణాల్లో చర్మం తేమ పీల్చి వదులవుతుంది, శ్రుతి దిగిపోతుంది. ఒక బోల్టు పావు చుట్టు, వెంటనే దాని ఎదుటిది పావు చుట్టు తిప్పాలి. ఒక పక్కనుంచి వరసగా బిగిస్తే మూత (వాయించే చర్మపు ముఖం) ఒరిగి, అంచు చుట్టూ ఒక్కోచోట ఒక్కో శ్రుతి పలుకుతుంది. ఎడమ మూత సంగతి వేరు. ఫ్యాను కింద త్వరగా ఎండిపోయే రవ్వ ముద్ద (మంద్ర నాదం కోసం ఎడమ మూతకు అద్దేది) ఇక్కడి తేమలో ఇంకాసేపు మెత్తగా ఉంటుంది. వాయించాక మాత్రం గీకేయాలి, లేకపోతే రాత్రికి ఎలుకల విందే.

పరీక్షకు పెట్టిన కూర్పు ఆదితాళం, చతురశ్ర నడక (దెబ్బకు నాలుగు మాత్రలు), నిమిషానికి 60 దెబ్బలు. ఎనిమిది దెబ్బల ఆవర్తనానికి 32 మాత్రలు. అయిదు మాత్రల ‘తదిగిణతొం’ ఆరుసార్లు వేస్తే 30, మిగతా 2 ఖాళీ. మొదటి ఆవర్తనంలో ఆ ఖాళీ చివర్న, రెండోదాంట్లో అయిదో తదిగిణతొం తర్వాత, మూడోదాంట్లో నాలుగోదాని తర్వాత... ఇలా ముందుకు జరుపుతూ వస్తే కునుకు పట్టబోతుండగా ఉలిక్కిపడ్డట్టే ఉంటుంది. చేయి తొందరపడి ఆ అరసెకను ఖాళీని మింగేస్తుంది, మెట్రోనోమ్ పెట్టుకోక తప్పదు. ముక్తాయికి, అంటే ముగింపుకు, ‘తకిట తదిగిణతొం’ మూడుసార్లు 24, మధ్య విరామాలు నాలుగేసి 8. సరిగ్గా సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడుతుంది.

ఖాళీలో తొం (ఎడమ మూత దెబ్బ) నిండుగా నిలిచింది, గుమికీ (ఎడమ మూత మీద చేయి జరిపి పలికించే నాదం) కూడా బాగా సాగింది. కుడివైపు చాపు (కుడి మూత మీద మోగే దెబ్బ) మాత్రం వార్లదానికన్నా పలచన. ఈ కూర్పులో చాపు తక్కువ కాబట్టి సరిపోయింది, కచేరీకి సరిపోదు.

బోల్టు ఏమాత్రం వదులైనా మెల్లని దెబ్బల్లో ‘జుర్రు’మంటుంది. చెవికి ఆనకపోయినా ఫోను రికార్డింగులో దొరికిపోతుంది. రబ్బరు వాషర్లు వేస్తే పోయింది. ఉప్పుగాలికి మరలు తుప్పుపడతాయి, కుట్టుమిషను నూనె చుక్క చాలు, చర్మానికి తగలనీయకండి. ఇనుప రింగుకు కుదిరే మూతలు వార్లు కట్టే పనివాళ్లందరి దగ్గరా ఉండవు. కొనేటప్పుడే కుడి మూత ఒకటి అదనంగా తీసుకోండి.