రైస్ మిల్లు కాటా దగ్గర అపాచీ కారాఫ్: ప్యాకేజీల అమరిక ఎలా ఉంది?

తణుకు, భీమవరం చుట్టుపక్కల రైస్ మిల్లులకు మేము తయారుచేసి ఇచ్చే తూకం, బిల్లుల సాఫ్ట్‌వేర్ అపాచీ కారాఫ్ మీద నడుస్తుంది. జావా ప్రోగ్రాములను బండిల్స్ అనే విడి భాగాలుగా నడిపే వేదిక ఇది. కాటా, బస్తాల లెక్క, బిల్లు విడివిడి బండిల్స్ కాబట్టి, దాళ్వా ధాన్యం లారీలు గేటు దగ్గర బారులు తీరినప్పుడు కూడా తూకం ఆపకుండా బిల్లు బండిల్‌ను మార్చుకోవచ్చు. ఈ సుగుణం అందరికీ తెలిసిందే కనుక, బండిల్స్‌ను నడిపే ఫ్రేమ్‌వర్క్ తనంతట తాను ఏ ప్యాకేజీలను (జావా క్లాసుల గుంపులను) వాటికి అందుబాటులో ఉంచుతుందన్న విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

బండిల్స్ కోసం కారాఫ్ అనుసరించే ప్రమాణమైన ఓఎస్‌జీఐలో 'జావా.' అని మొదలయ్యే ప్యాకేజీలు అన్ని బండిల్స్‌కూ అందుతాయి. 'జావాఎక్స్.ఎస్‌క్యూఎల్' వంటివి మాత్రం, జావాతో పాటే వచ్చినా, ఫ్రేమ్‌వర్క్‌కే ప్రతినిధి అయిన సిస్టమ్ బండిల్ ఎగుమతి చేసి మన బండిల్ దిగుమతి చేసుకుంటేనే దొరుకుతాయి. కారాఫ్ ఆ ఎగుమతి జాబితాను 'ఈటీసీ' ఫోల్డర్‌లోని కాన్ఫిగ్.ప్రాపర్టీస్‌లో ఉంచి, అందులో జావాకు చెందిన భాగాన్ని వెర్షన్ వారీగా జేఆర్ఈ.ప్రాపర్టీస్ నుంచి తెచ్చుకుంటుంది. చదివితే అర్థమయ్యే ఏర్పాటే గానీ, మనం వాడే జావా వెర్షన్‌కు ఆ ఫైలులో పద్దు లేకపోతే జావాఎక్స్ ప్యాకేజీలు జాబితాలోకే రావు. అప్పుడు బండిల్‌లో ఏ లోపమూ లేకపోయినా 'ఓఎస్‌జీఐ.వైరింగ్.ప్యాకేజ్' (అంటే బండిల్ అడిగిన ప్యాకేజీ) దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. జావాను మార్చే ముందు చూడవలసిన మొదటి ఫైలు ఇదే. జావా 11 నుంచి తీసేసిన 'జావాఎక్స్.ఎక్స్ఎంఎల్.బైండ్' మాత్రం జాబితాలో పేరు రాసినంత మాత్రాన రాదు, ఆ క్లాసులున్న జార్ కూడా విడిగా ఉండాలి.

కాటా తూకం సీరియల్ పోర్టు ద్వారా వస్తుంది. దాన్ని చదివే లైబ్రరీలో నేటివ్ ఫైలు (జావా కాక, నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తయారైన కోడ్) ఉంటుంది, ఒకే జేవీఎంలో, అంటే నడుస్తున్న ఒకే జావాలో, దాన్ని రెండు క్లాస్‌లోడర్లు (క్లాసులను తెచ్చిపెట్టే భాగాలు) లోడ్ చేయలేవు. బండిల్‌ను రిఫ్రెష్ చేసినప్పుడు దానికి కొత్త క్లాస్‌లోడర్ వస్తుంది కాబట్టి ఇబ్బంది వస్తుంది. అందుకే ఆ జార్‌ను 'లిబ్'లోని 'బూట్' ఫోల్డర్‌లో పెట్టి, దాని ప్యాకేజీ పేరును 'ఆర్గ్.ఓఎస్‌జీఐ.ఫ్రేమ్‌వర్క్.సిస్టమ్.ప్యాకేజెస్.ఎక్స్‌ట్రా' జాబితా చివర చేర్చడం మంచిది. 'ఎక్స్‌ట్రా' లేని ప్రాపర్టీలో మన పేర్లు మాత్రమే రాస్తే, ఉన్న జాబితా అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఎక్స్‌ట్రాలో పేరు చివర చుక్క, నక్షత్రం (.*) పెట్టి 'దీని కిందివన్నీ' అని సరిపెట్టుకోవడం కుదరదు, ఒక్కొక్క ప్యాకేజీనీ పేరుపేరునా రాయాలి. విసుగు పుట్టించినా అదే సరైన పద్ధతి.

నక్షత్రాన్ని అంగీకరించే బూట్‌డెలిగేషన్ (రాసిన ప్యాకేజీలను నేరుగా జావా నుంచే తెచ్చుకోనిచ్చే ప్రాపర్టీ) చాలామందికి సులువుగా కనిపిస్తుంది. అయితే ఆ దారిలో దిగుమతీ వెర్షనూ రెండూ చూడకుండానే క్లాసు వచ్చేస్తుంది కనుక, ఏ బండిల్‌కు ఏది అవసరమో దాని మానిఫెస్ట్ (దిగుమతులు రాసి ఉండే ఫైలు) చూసి చెప్పలేము. కారాఫ్ తన డిఫాల్ట్‌లోనే 'సన్.', 'కామ్.సన్.' కుటుంబాలను ఇలా అందరికీ తెరిచిపెట్టడం నాకు మితిమీరిన ఉదారంగా అనిపిస్తుంది. పాత లైబ్రరీల కోసమేనని తెలుసు, అయినా కొత్త ప్రాజెక్టులో వాటిని తీసేసి మొదలుపెట్టమనే చెబుతాను.

ఈ ఫైళ్లను కారాఫ్ మొదలయ్యేటప్పుడే చదువుతుంది కాబట్టి, మార్పు చేశాక దాన్ని ఆపి మళ్లీ నడపక తప్పదు. మిల్లులో ఆ పని కోతలకు ముందే పెట్టుకోవాలి.