ఆరేళ్లుగా నా దగ్గరున్న పాత సీగల్, దాని మీది నంబరు

పడవ వెనక బిగించే ఔట్‌బోర్డ్ ఇంజన్ ఒకటి, బ్రిటిష్ సీగల్ ఫార్టీ ప్లస్, నా దగ్గరికొచ్చి ఆరేళ్లు దాటింది. తాడు చుట్టి లాగడం, ఆ పొగ, ఆ చప్పుడు పాత ఔట్‌బోర్డ్‌లు నడిపినవాళ్లకు కొత్త కాదు, వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది క్రాంక్‌కేస్ (క్రాంక్‌షాఫ్ట్‌ని మూసి ఉంచే లోహపు గుల్ల) మీద గుద్దిన నంబరు గురించే, పాత పడవ ఇంజన్లు సేకరించే పిచ్చి నాకు పట్టుకున్నది అక్కడే.

అమ్మినాయన ఇది అరవైల నాటిదన్నాడు, నమ్మాను. నంబరు ఉండే చోట మాత్రం రంగు మీద రంగు. సాండ్‌పేపర్ పెడితే అంకెలు అరిగిపోతాయని భయమేసి, రంగు వదిలించే మందు పూసి గుడ్డతో తుడుస్తూ రెండు సాయంత్రాలు కూర్చున్నాను. చాక్‌పీస్ రుద్ది పక్కనుంచి టార్చి వేస్తే చివర్లో జీజీ6 అని తేలింది. ఆ కాలం సీగల్ నంబర్లలో చివరి అక్షరం నెల, అంకె సంవత్సరం. అక్షరం ఒక్కటే ఉంటే అరవైలు, జంటగా ఉంటే డెబ్బైలు. జీ ఏడో అక్షరం కదా, అంటే 1976 జులై! అమ్మినాయన మాట తప్పయినందుకు కోపం రాలేదు, ఒక ఇనుప వస్తువు తను పుట్టిన నెల చెప్పిందంటే ఒళ్లు పులకరించింది.

ఇక కంపెనీ చరిత్ర మీద పడ్డాను. 1931లో, సన్‌బీమ్ మోటార్‌సైకిళ్లు తయారైన ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో మార్స్టన్ సీగల్‌గా మొదలైంది, తర్వాత డోర్సెట్‌లోని పూల్‌కి చేరింది, 1996లో తయారీ ఆగిపోయింది. నా ఇంజన్ ఆ కథలో ఎక్కడ నిలబడుతుందో వేలు పెట్టి చూపించగలుగుతున్నాను, నాకది చాలా గొప్ప.

కాకపోతే మొదట్లో నేను అందరికీ చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. రెండేళ్ల క్రితం ప్రొపెల్లర్ స్ప్రింగ్ విరిగితే, నంబరు చూసుకుని కొత్తది తెప్పించాను, పట్టలేదు. ఇంకొకటి తెప్పించాను, అదీ పట్టలేదు. చివరికి మొత్తం విప్పితే అర్థమైంది, కింది కాలూ (నీళ్లలోకి దిగే పొడుగాటి భాగం) గేర్‌బాక్సూ వేరే ఇంజన్‌వి, ఎప్పుడో ఎవరో మార్చేశారు. క్రాంక్‌కేస్ నంబరు క్రాంక్‌కేస్ వయసే చెబుతుంది, అంతే. ఇప్పుడు విడిభాగం కొనేముందు షాఫ్ట్ లావు కొలుస్తాను, మాగ్నెటో (స్పార్క్‌కి కరెంటు పుట్టించే భాగం) విలియర్స్ కంపెనీదా వైప్యాక్ కంపెనీదా కూడా చూస్తాను.

ఇలాంటి ఇంజన్ తీసుకోవచ్చా అంటే, నాకైతే సరిపోయింది: నాది చిన్న పడవ, నిలకడగా ఉండే మంచినీళ్లు, గంటసేపు తిరిగితే చాలు, విప్పి బిగించే తీరికా ఉంది. పెట్రోల్‌లో పదికి ఒకటి చొప్పున ఆయిల్ కలిపే పాత రకం కాబట్టి పొగను ఒప్పుకోని నీళ్లలో దీన్ని దింపలేరు. ఉప్పునీళ్లలో రోజూ నడపాల్సినవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ.

ప్రస్తుతం ఆ కింది కాలు ఏ మోడల్‌దో కొలతలు రాసుకుని వెతుకుతున్నాను.