ఆటలోంచి పుట్టిన ఆఫీసు యాప్: స్లాక్‌తో ఏడేళ్లు

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సపోర్ట్ టీమ్‌లో పనిచేస్తున్నాను. ఏడేళ్లుగా పొద్దున లాగిన్ అవగానే మొదట తెరిచేది స్లాక్, అంటే ఆఫీసువాళ్లు మెసేజ్‌లు పంపుకునే చాట్ యాప్.

టైనీ స్పెక్ అనే కంపెనీ 2011లో గ్లిచ్ అనే ఆన్‌లైన్ గేమ్ విడుదల చేసింది. అది నిలదొక్కుకోలేక 2012 డిసెంబరులో మూతపడింది. ఆ గేమ్ తయారుచేస్తూ తమలో తాము మాట్లాడుకోవడానికి వాళ్లు కట్టుకున్న చాటే తర్వాత స్లాక్ అయి, 2014లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ ఆట వాసన ఇప్పటికీ పోలేదు, నాకు నచ్చేదీ అదే.

స్లాక్‌లో మన సొంత ఎమోజీలు చేర్చుకుని, ఎవరి మెసేజ్ కిందైనా నొక్కొచ్చు. 128 కేబీ లోపు బొమ్మ ఉంటే చాలు. మావాళ్లెవరో ఇరానీ చాయ్ గ్లాసు ఫొటో తీసి పెట్టారు. ఒక రాత్రి రెండింటికి రిలీజ్, అంటే అప్పుడే వదిలిన కొత్త వెర్షన్, వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. "మళ్లీ మొదటికొచ్చింది" అని గ్రూపులో రాశాను. ఎవరూ పలకలేదు. కాసేపటికి దాని కింద చాయ్ గ్లాసు ఒకటి పడింది. పక్కన నొక్కినవాళ్ల అంకె రెండైంది, మూడైంది, ఆరు దాకా వెళ్లింది. అంతమంది మేలుకునే ఉన్నారని తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది.

అంతకుముందు పనిచేసిన చోట టికెట్ల (కస్టమర్ ఫిర్యాదుల) సాఫ్ట్‌వేర్‌లోనూ "ఆట" ఉండేది. టికెట్ మూస్తే పాయింట్లు, బ్యాడ్జీలు. శుక్రవారం మీటింగులో ర్యాంకుల పట్టిక తెర మీద వేసేవారు. దాంతో కస్టమర్ సమస్య తీరకముందే టికెట్ మూసేసేవాళ్లం. సోమవారానికి అదే మళ్లీ తెరుచుకునేది. చిక్కు కేసులన్నీ తన మీద వేసుకునే సీనియర్ అక్క ఎప్పుడూ పట్టిక అడుగునే ఉండేది. రాజీనామా చేసిన రోజు కూడా ఆవిడది ఆఖరి ర్యాంకే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. చాయ్ గ్లాసు నొక్కినందుకు మాత్రం ఎవరికీ మార్కులు పడవు. అందుకే మనసు పుట్టినప్పుడే నొక్కుతాం.

కళ్ల బొమ్మ పెడితే "నేను చూస్తున్నా" అని, టిక్ పెడితే "అయిపోయింది" అని మా లెక్క. సగం మెసేజ్‌లు రాసే పనే తప్పింది.

ఎమోజీలు చేర్చే వీలు అడ్మిన్లు తమకే ఉంచుకోవచ్చు. దయచేసి అలా చేయకండి, అందరికీ వదిలేయండి. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలో ఒక ఎమోజీ చేర్చాలి. పోయిన నెల కాకినాడ నుంచి వచ్చిన అమ్మాయి కాజా బొమ్మ పెట్టింది. అప్పట్నుంచి సమస్య తీరిన ప్రతి మెసేజ్ కిందా కాజాలు పడుతున్నాయి.