గులకరాళ్ల మేటలో తేమ సెన్సార్: ఒక వానాకాలం వాడాక

గండిపేటకు ఎగువన మూసీ ఒడ్డున, గులకరాళ్ల మేటలో కెపాసిటెన్స్ రకం తేమ సెన్సార్ పెట్టి ఒక వానాకాలం దాటింది, రెండోది నడుస్తోంది. అది చూపే శాతాన్ని నేను నమ్మను. తేమ ఎప్పుడు పెరిగింది, ఎంత తొందరగా దిగింది అన్నది మాత్రం నమ్ముతాను.

ఈ సెన్సార్ నీళ్లను నేరుగా చూడదు, చుట్టూ ఉన్నదాని డైఎలక్ట్రిక్ విలువ, అంటే విద్యుత్ ఛార్జిని పట్టి ఉంచే గుణం, చూస్తుంది. నీటికి అది దాదాపు 80, రాతికి ఐదారు, గాలికి 1. చెలక మట్టిలో అయితే మట్టి సెన్సార్ ముళ్లకు అంటుకుంటుంది. గులకరాళ్లలో ముల్లు పక్కన గింజంత ఖాళీ ఉన్నా రీడింగ్ పడిపోతుంది. సుత్తితో కొడితే ముల్లు వంగుతుంది తప్ప దిగదు. అందుకని గొయ్యి తీసి, అక్కడి ఇసుకే జల్లించి చుట్టూ కూరాం. తిరకాసు ఇక్కడే ఉంది. వాన వెలిశాక గులకరాళ్లు త్వరగా నీళ్లు వదిలేస్తాయి, కూరిన ఇసుక మాత్రం పట్టుకుని కూర్చుంటుంది. మనకు వచ్చేది ఆ ఇసుక కబురు!

కంపెనీ కాలిబ్రేషన్, అంటే రీడింగ్‌ను తేమ శాతంగా మార్చే లెక్క, మామూలు మట్టికి చేసింది. అదే మేట సరుకు బకెట్లో నింపి, కొలిచిన నీళ్లు పోస్తూ సొంత లెక్క తయారు చేసుకోవాల్సిందే. కేబుల్‌ని నిటారుగా దింపొద్దు, వాననీరు దాని వెంటే జారి సెన్సార్ మీదికి వస్తుంది. పక్క నుంచి, ఒక వంపు తిప్పి తేవాలి. బాపూఘాట్ దిగువన, మురుగు కలిసే చోట పెట్టాలనుకునేవాళ్లు ఇంకోసారి ఆలోచించండి. తక్కువ ఫ్రీక్వెన్సీ సెన్సార్లు మురుగు నీటిలోని ఉప్పును కూడా తేమ కింద కట్టేస్తాయి.

నీటి కదలిక సంగతి దీనికి అసలు తెలియదు. మేట నీటితో నిండాక రీడింగ్ ఒకేచోట ఆగిపోతుంది, అడుగున ప్రవాహం ఎంత జోరుగా ఉన్నా సరే. ఆ కదలిక తెలుసుకోడానికి చిల్లుల పైపు దించి లోపల లెవెల్ లాగర్ (నీటి పీడనాన్ని బట్టి మట్టం నమోదు చేసే పరికరం) వేలాడదీశాం. వాగులో చెలమ తీసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పైపులో మట్టం వాగు కంటే పైనుంటే ఒడ్డు నుంచి వాగులోకి ఊట, కిందుంటే వాగు నీళ్లు ఒడ్డులోకి ఇంకుతున్నట్టు. గులకరాళ్లలో ఈ తేడా కొన్ని సెంటీమీటర్లే ఉంటుంది. గాలి పీడనం 1 హెక్టాపాస్కల్ మారితే సీల్డ్ లాగర్‌లో (బయటి గాలికి గొట్టం లేనిదానిలో) సుమారు 1 సెంటీమీటర్ తేడా వస్తుంది, కాబట్టి బయట గాలిలో ఇంకో లాగర్ లేకపోతే ఆ డేటా దండగ. అమ్మేటప్పుడు ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు.

డబ్బులు ఒకదానికే ఉంటే ముందు పైపూ, రెండు లాగర్లూ కొనండి. తేమ సెన్సార్ వచ్చే ఏడు చూసుకోవచ్చు.