బోరు మోటార్ల సర్వర్‌కు థ్రెడ్లా, ఈవెంట్ లూపా: ఏది మేలు?

ప్రాజెక్టుల కాలం వస్తే నల్లగొండ, పాలమూరు కాలేజీల పిల్లలు అడిగేది ఇదే: "సిమ్ ఉన్న కంట్రోలర్లు బోరు మోటార్ల రీడింగులు పంపుతుంటయి. సర్వర్ల కనెక్షన్‌కొక థ్రెడ్ పెట్టాల్నా, అసింక్‌ఐఓ వాడాల్నా?" థ్రెడ్ అంటే ప్రోగ్రామ్‌లో విడిగా సాగే ఒక పని వరుస. అసింక్‌ఐఓ అంటే పైథాన్‌లోని ఈవెంట్ లూప్, ఒకే థ్రెడ్‌లో అన్ని కనెక్షన్లనూ వంతులవారీగా చూసుకుంటుంది. లినక్స్ మీద పైథాన్, 2,000 కంట్రోలర్లు, ఒక్కోటి 30 సెకన్లకు ఒక రీడింగ్ అనుకుందాం.

థ్రెడ్ల మీద అందరూ వేసే నింద తప్పు. థ్రెడ్‌కు 8 ఎంబీ స్టాక్ (దాని సొంత మెమరీ), రెండు వేలకు 16 జీబీ అంటారు. అది వర్చువల్ మెమరీ, అంటే కాగితం మీద కేటాయించిన చోటు లెక్క. వాడిన పేజీలకే అసలు ర్యామ్ ఖర్చవుతుంది. రెండు వేల థ్రెడ్లను లినక్స్ మోస్తుంది. కోడ్ కూడా వరుసగా చదువుకోవచ్చు. యాభై కంట్రోలర్లే ఉంటే థ్రెడ్లతోనే కానిచ్చేయండి.

అయినా ఈ పనికి నా ఓటు లూప్‌కే. ఈ కనెక్షన్లు దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. ఖాళీ సాకెట్లను (కనెక్షన్ల చివరలను) లినక్స్‌లోని ఈపోల్‌కు అప్పగిస్తే, డేటా వచ్చినవాటినే అది చేతికిస్తుంది. కానీ లూప్ నిలబడేదీ పడిపోయేదీ కనెక్షన్ల సంఖ్యతో కాదు, డేటాబేస్ దగ్గర. 2,000ను 30తో భాగిస్తే సెకనుకు సుమారు 67 రీడింగులు. మామూలు బ్లాకింగ్ డ్రైవర్‌తో (పని అయ్యేదాకా లూప్‌ను ఆపేసే డేటాబేస్ లైబ్రరీతో) ఒక్కో ఇన్సర్ట్, కమిట్‌కు (రీడింగ్ రాసి ఖాయం చేయడానికి) 20 మిల్లీసెకన్లు పడితే, ఒక సెకనులో చేయాల్సిన పనికి 1.3 సెకన్లు కావాలి. లూప్ ఎప్పటికీ అందుకోలేదు. సీపీయూ మాత్రం ఖాళీగా కనిపిస్తుంది, అందుకే కారణం దొరకదు. అసింక్‌ఐఓ డీబగ్ మోడ్ పెట్టినా 100 మిల్లీసెకన్లు దాటినవే లాగ్‌లో పడతాయి. 20వి పడవు, ఆ హద్దును తగ్గించాలి.

మందు: రీడింగులను క్యూలో వేయండి. సెకనుకోసారి ఒకే టాస్క్ వాటిని కలిపి ఒక్క ఇన్సర్ట్‌గా రాయాలి, అదీ లూప్‌ను ఆపని అసింక్ డ్రైవర్‌తో, లేదా పనిని వేరే థ్రెడ్‌కు పంపే టు_థ్రెడ్ ద్వారా. సర్వర్ పడితే చివరి సెకను రీడింగులు పోతాయి, పోనీయండి. మోటార్ ఆన్, ఆఫ్ ఆదేశాలను మాత్రం ఈ క్యూలో కలపకండి. అవి వెంటనే రాయాలి.

ఇక కరెంటు సంగతి. దేవరకొండ దిక్కు ఒక ఫీడర్ పోతే, బ్యాటరీ లేని కంట్రోలర్లు చెప్పాపెట్టకుండా చస్తాయి. టీసీపీ కనెక్షన్ మూసినట్టు సర్వర్‌కు కబురు రాదు. కీప్‌అలైవ్ (అవతలివైపు బతికుందా అని చూసే టీసీపీ సౌకర్యం) ఆన్ చేసినా లినక్స్ డీఫాల్ట్‌లో మొదటి పరీక్ష 7,200 సెకన్ల తర్వాతే. కాబట్టి ప్రతి రీడ్‌కూ వెయిట్_ఫర్‌తో 90 సెకన్ల గడువు పెట్టి, దాటితే మూసేయండి. థ్రెడ్లలోనూ ఇదే తిప్పలు. అక్కడ చచ్చిన కనెక్షన్‌కు ఒక థ్రెడ్ ఇరుక్కుంటుంది, ఇక్కడ ఒక ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన కనెక్షన్‌కు లినక్స్ ఇచ్చే నంబర్), కాస్త మెమరీ. ఆ డిస్క్రిప్టర్ల హద్దు చాలాచోట్ల 1,024 ఉంటుంది. ఏ పద్ధతైనా సరే, యూలిమిట్‌తో ఆ హద్దు పెంచకపోతే రెండు వేలు ఎక్కవు.

కరెంటు తిరిగొచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే తలుపు తడతాయి. అసింక్‌ఐఓ సర్వర్ బ్యాక్‌లాగ్ (లోపలికి తీసుకునేదాకా వేచి ఉండే కనెక్షన్ల వరుస) డీఫాల్ట్ 100. దాన్ని 2,048 చేయండి. కంట్రోలర్ ప్రోగ్రామ్‌లో కూడా 0 నుంచి 60 సెకన్ల లోపు ఏదో ఒక సమయం ఆగి కనెక్ట్ అయ్యేలా రాయండి.

ఇక మిగతా దారులు. కనెక్షన్‌కో ప్రాసెస్ అనవసరపు బరువు. ఈపోల్ పనే చేసే పాత పద్ధతి సెలెక్ట్ 1,024 దగ్గరే ఆగుతుంది. 2019లో లినక్స్‌లోకి వచ్చిన కొత్త పద్ధతి ఐఓ_యూరింగ్ మంచిదే గానీ సెకనుకు 67 మెసేజ్‌లకు దాని అవసరం లేదు.