పద్దెనిమిది నెలల్లో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అంటున్నారా? డబ్బు కట్టకముందే ఇది చదవండి

వేసవి సెలవులు వచ్చాయంటే అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గరా స్కూలు గోడల మీదా కరాటే పోస్టర్లు వెలుస్తాయి. నెలనెలా ఫీజు వద్దు, మొత్తం ఒకేసారి కట్టండి, పద్దెనిమిది నెలల్లో మీ పిల్లాడికి బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అని కొన్నిచోట్ల ప్యాకేజీలు అమ్ముతున్నారు. దయచేసి కట్టకండి.

లెక్క వేసి చూడండి. కరాటేలో ఒక ప్రధాన శైలి షోటోకాన్. అందులో బ్లాక్ బెల్ట్‌కు ముందు తొమ్మిదో పదో క్యూ గ్రేడ్లు, అంటే రంగు బెల్టుల మెట్లు, దాటాలి. హెయాన్ షోదాన్ నుంచి హెయాన్ గోదాన్ దాకా ఐదు కటాలు (వరుస తప్పకుండా చేసే కదలికల కూర్పులు), ఆ తర్వాత టెక్కీ షోదాన్, బ్రౌన్ బెల్ట్‌లో బస్సాయ్ దాయ్ లాంటివి నేర్చుకోవాలి. వారానికి రెండు మూడు క్లాసుల చొప్పున కింది గ్రేడ్లకు మూడేసి నెలలు, బ్రౌన్ బెల్ట్ మెట్లకు ఆరేసి నెలలు పడుతుంది. ఎంత చురుకైన పిల్లలకైనా మూడు నాలుగేళ్లు తప్పదు. పద్దెనిమిది నెలల్లో బెల్ట్ చేతికొచ్చిందంటే మధ్యలో కటాలు ఎగ్గొట్టారన్నమాట. ఆ పిల్లాణ్ని నాలుగో కటా హెయాన్ యోన్‌దాన్ చేసి చూపించమంటే సగంలో ఆగిపోతాడు, పాపం తప్పు వాడిది కాదు.

పైగా ప్యాకేజీతో ఖర్చు అయిపోదు. ప్రతి బెల్ట్‌కీ ఎగ్జామ్ ఫీజు, సర్టిఫికెట్‌కు వేరు, డ్రెస్ వాళ్ల దగ్గరే కొనాలి, టోర్నమెంటుకు ఎంట్రీ ఫీజు. చివరికి తడిసి మోపెడవుతుంది. బ్లాక్ బెల్ట్ వరకు ఏయే ఫీజు ఎంతో మొదటిరోజే కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే ఆ గుమ్మం దిగి వచ్చేయండి.

బ్లాక్ బెల్ట్ అంటే ఏమిటో కూడా తెలుసుకోవాలి. దాన్ మెట్లను, అంటే బ్లాక్ బెల్ట్ స్థాయిలను, 1880లలో జూడోలో పెట్టింది ఆ విద్య స్థాపకుడు జిగోరో కానో. షోటోకాన్ మూలపురుషుడు గిచిన్ ఫునకోషి వాటిని కరాటేలోకి తెచ్చి, 1924లో తన శిష్యులకు మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చారు. ఈ రోజుకీ కరాటే బెల్టులన్నిటినీ జారీ చేసే ఒకే సంస్థ ప్రపంచంలో ఎక్కడా లేదు. బెల్ట్ అంటే గురువు ఇచ్చే పూచీ, అంతే. గురువుకు విద్య లేకపోతే ఆ పూచీకి విలువేముంది? అందుకే, "మాస్టరుగారూ, మీ షోదాన్ ఎవరి దగ్గర, ఏ సంవత్సరం?" అని మర్యాదగా అడగండి. షోదాన్ అంటే మొదటి మెట్టు బ్లాక్ బెల్ట్. నిజంగా నేర్చుకున్నవాళ్లు తమ గురువు పేరు సంతోషంగా చెబుతారు.

సర్టిఫికెట్ మీద ఇంటర్నేషనల్, వరల్డ్, ఆల్ ఇండియా అన్న పేర్లు చూసి మురిసిపోవద్దు. 'ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు' అని అచ్చు వేస్తారు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ నంబరుకు అంతకంటే అర్థం లేదు. కొరియా యుద్ధకళ తైక్వాండోలో పరిస్థితి కొంత మెరుగు. సియోల్‌లోని తైక్వాండో ప్రధాన కేంద్రం కుక్కివోన్ ఇచ్చే సర్టిఫికెట్‌ను నంబరు, పేరు, పుట్టిన తేదీతో వాళ్ల వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. పదిహేనేళ్లలోపు పిల్లలకు అక్కడ ఇచ్చేది దాన్ కాదు, పిల్లల కోసం పెట్టిన పూమ్ అనే మెట్టు. తొమ్మిదేళ్ల పాపకు 'కుక్కివోన్ ఫస్ట్ దాన్' అని కాగితం ఇచ్చారంటే అక్కడే అనుమానించండి.

మెడల్స్ సంగతి. కుమితేలో, అంటే ఇద్దరు తలపడే పోటీల్లో, కంచు పతకాలు రెండిస్తారు. వయసూ బరువూ ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఒక్కో విభాగంలో నలుగురినే దింపితే, వచ్చిన ప్రతి పిల్లాడికీ పతకమే. 'మీవాడు స్టేట్ మెడలిస్ట్' అని ఫోన్ వస్తే, ఆ విభాగంలో ఎంతమంది దిగారో, ఎన్ని బౌట్లు గెలిచాడో అడగండి. స్పోర్ట్స్ కోటా ఆశ చూపిస్తే ఇంకా జాగ్రత్త. ఆ కోటాకు కావలసిన ఫారాల మీద సంతకం పెట్టేది క్లాసు మాస్టరు కాదు. కరాటేతో ఒలింపిక్స్‌కు వెళ్లొచ్చన్న మాటా అంతే. అది 2021లో జరిగిన టోక్యో ఆటల్లో మాత్రమే ఉంది, 2024 పారిస్‌లో లేదు.

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, మోకాలు పోతే కష్టం. కాబట్టి చేర్చే ముందు ఒక క్లాసు పూర్తిగా కూర్చుని చూడండి. మవాషి గెరి, అంటే పక్క నుంచి తిప్పి కొట్టే కిక్, చేసేటప్పుడు నేల మీదున్న కాలి మడమ కొట్టేవైపు తిరగాలి. మడమ అతుక్కుపోయి నడుము ఒక్కటే తిరిగితే ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. టెర్రస్ సిమెంటు మీద వట్టి పాదాలతో చేయిస్తే జరిగేది ఇదే. ముందు కాలు వంచి నిలబడే జెన్‌కుత్సు దాచిలో మోకాలు వేళ్లవైపే ఉండాలి, లోపలికి వాలకూడదు. గంటలో మాస్టరు ఎన్నిసార్లు వంగి పిల్లల పాదాలు సరిచేశారో లెక్కపెట్టండి. ముందు నిలబడి "ఇచి, ని, సాన్" అని లెక్కపెట్టడం ఒక్కటే చేస్తుంటే మీరు కట్టేది డ్రిల్లు మాస్టరు ఫీజు.

కింద కనీసం 20 నుంచి 25 మిల్లీమీటర్ల మ్యాట్లు ఉండాలి. ఎత్తి పడేసే పట్లు నేర్పితే 40. ఫైటింగ్ చేయించే రోజున పళ్లకు గమ్ షీల్డ్, చేతులకు గ్లవ్స్, కాళ్లకు షిన్ గార్డ్, మగపిల్లలకు గ్రోయిన్ గార్డ్ లేకుండా దించనివ్వకండి. గమ్ షీల్డ్ ఎవరిది వాళ్లదే. స్ప్లిట్ రావడంలేదని భుజాల మీద కూర్చుని నొక్కితే తొడ లోపలి కండరం చిరుగుతుంది, నెలల తరబడి మానదు. స్కూలు వార్షికోత్సవాల్లో పెంకులు పగలగొట్టించడం, వేళ్ల మీదుగా బైకు పోనివ్వడం చప్పట్లకు తప్ప ఎందుకూ పనికిరావు. ఎదిగే ఎముకల చివరలు ఇంకా మెత్తగా ఉంటాయి, అక్కడ దెబ్బ తగిలితే ఎముక ఎదుగుదలే దెబ్బతినవచ్చు.

తల్లిదండ్రులు క్లాసు చూడకూడదన్న నియమం ఎక్కడుంటే అక్కడ, ముఖ్యంగా ఆడపిల్లల్ని, ఒక్కరోజు కూడా ఉంచకండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు: రసీదు, పోస్టర్ ఫొటో, 'గ్యారంటీ' అన్న వాట్సాప్ మెసేజ్, యూపీఐ స్క్రీన్‌షాట్ దాచిపెట్టుకోండి. జరగని క్లాసుల డబ్బు తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. రసీదు కింద 'ఫీజు వాపసు లేదు' అని ఉందని అక్కడితో వదిలేయొద్దు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కట్టింది 5 లక్షల లోపైతే అక్కడ కేసు వేయడానికి రుసుము లేదు.