బొంగు చికెన్ బాగుంది, ఆ ఈకల కిరీటం మాది కాదు

మేము కొండదొర తెగవాళ్ళం, మాది అరకు దగ్గర అనంతగిరి మండలం. పదిహేనేళ్ళుగా విశాఖ మద్దిలపాలెంలో ఉంటున్నాను. కంటి పరీక్షకు వచ్చిన అమ్మను పోయిన ఆదివారం బీచ్ రోడ్డు దగ్గర కొత్తగా తెరిచిన గిరిజన వంటల హోటలుకు తీసుకెళ్ళాను.

ముందు వంట గురించి చెప్పాలి. బొంగు చికెన్ నిజంగా బాగుంది. పచ్చి వెదురే వాడుతున్నారు, మూతికి అడ్డాకు కుక్కారు. నూనె చుక్క లేదు, ముక్కకు వెదురు వాసన చక్కగా పట్టింది. "కారం ఎక్కువైంది గానీ, తెలిసినవాడే కాల్చాడు" అంది అమ్మ. చోడి (రాగి) అంబలి మాత్రం పులవలేదు, నీళ్ళలా ఉంది.

వడ్డించిన అబ్బాయి తలకు రంగు ఈకల కిరీటం, మెడలో ప్లాస్టిక్ ఎముకల దండ, బుగ్గల మీద సుద్ద గీతలు. కిరీటం ఒరుసుకుని నుదురు ఎర్రగా కమిలిపోయింది. "ఏ ఊరు బాబూ?" అని అమ్మ అడిగితే "భీమిలి అమ్మా" అన్నాడు తల దించుకుని. ఏడో తరగతి చదువుతున్న నా కూతురు అతన్నే చూస్తూ, "అమ్మమ్మా, మీరు చిన్నప్పుడు ఇలాగే ఉండేవాళ్ళా?" అంది. "మీ తాత పంచె, చొక్కా వేసుకుని సంతకు వెళ్ళేవాడు" అని మాత్రం చెప్పి అమ్మ అంబలి గిన్నె పక్కకు జరిపింది.

నాకు తిండి సహించలేదు. మేనేజరును అడిగితే, "సినిమా పాటల్లో ఉన్నట్టే కుట్టించామండీ, పిల్లలు ఫొటోలు దిగుతున్నారు" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. మమ్మల్ని ఆయన అక్కడే చూశాడు. టీవీ పెడితే మా గురించి వచ్చే వార్తలు వానాకాలంలో డోలీ, మిగతా రోజుల్లో గంజాయి. డోలీ వార్త రావాల్సిందే, గర్భిణులను మోసుకెళ్ళే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. కానీ ఆ డోలీ మోసే మనిషి ఏ తెగవాడో, ఏమంటున్నాడో ఎన్ని వార్తల్లో విన్నాం?

గోడ మీద మా థింసా నాట్యం బొమ్మలో ఆడవాళ్ళు ఈటెలు పట్టుకుని మంట చుట్టూ గెంతుతున్నారు. మా థింసాలో ఈటెలుండవు. ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు పెనవేసి, వరుసగా అడుగు కలుపుతాం. పక్కన మోరి, కిరిడి, తుడుము మోగుతాయి. బగత, వాల్మీకి, కోటియ, పోర్జా, ఖోండు, గదబ అని మా కొండల్లో ఎన్ని తెగలున్నాయి! ఖోండుల కువి ద్రావిడ భాష. గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్ ముండా అనే వేరే భాషా కుటుంబానిది. ఇందరికీ ఒకే కిరీటం ఎలా సరిపోతుంది?

కాఫీ కప్పు మీద విల్లు పట్టిన వేటగాడి బొమ్మ ఉంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని పండించేది రైతులు. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య పండిన కాయ ఒక్కొక్కటీ చూసి కోసే మా తమ్ముడి బొమ్మ ఆ కప్పు మీద ఎందుకు ఉండకూడదు?

వంటకు ఐదుకు నాలుగు ఇస్తాను. వేషాలకు, గోడ బొమ్మలకు ఏమీ ఇవ్వను. మేనేజరుకు నా ఫోను నంబరు ఇచ్చి, ఆ గోడ మీద ఏం వేయాలో చెప్పడానికి అమ్మను మళ్ళీ తీసుకొస్తానన్నాను. ఇంకా ఫోను రాలేదు. అమ్మ శనివారం వరకు ఇక్కడే ఉంటుంది.